సమాన నామ గ్రంథకర్తలు: పత్తర్‌గట్టి పరిసర గ్రంథ భాండాగారాల్లో అన్వేషణ

నిర్వచనం, పరిధి

ఒకే పేరు, లేదా సూచికలో ఒకే పేరుగా కనిపించే రూపం, ఒకరికంటే ఎక్కువ మంది రచయితలకు ఉన్నప్పుడు వారిని సమాన నామ గ్రంథకర్తలు అంటారు. వారి రచనలను వేరుచేసి ఎవరివి వారికి చేర్చడం గ్రంథాలయ శాస్త్రంలోనూ సాహిత్య చరిత్రలోనూ ఒక ప్రత్యేకమైన పని. దీనికి ఎదురు సమస్య ఒకే రచయిత పలు పేర్లతో కనిపించడం. ఈ రెండింటినీ విడివిడిగా పరిష్కరించలేం. ఇద్దరిని ఒకరిగా కలిపితే ఒక తప్పు, ఒకరిని ఇద్దరిగా విడగొడితే ఇంకో తప్పు. ఒకదాన్ని తగ్గించబోతే రెండోది పెరుగుతుంది. పేరు రచయితను చేర్చే తాళంచెవి కాదు, అది ఒక సాక్ష్యం మాత్రమే. దానికి కాలం, స్థలం, విషయం, ముద్రణ వివరాల్లో కనీసం ఒక్కటైనా విడి సాక్ష్యం తోడైతేనే రచనను ఒక వ్యక్తికి ఆపాదించాలి. అలాంటి తోడు దొరకనప్పుడు కలపడం కంటే విడిగా ఉంచడమే తక్కువ నష్టం. దక్కన్ గ్రంథ సంపద చూపే ఆధారాలు ఈ నిర్ణయానికే దారితీస్తాయి.

ఈ వ్యాసం హైదరాబాదు పాతనగరంలోని పత్తర్‌గట్టిని కేంద్రంగా తీసుకుంటుంది. 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పనుల్లో రూపుదిద్దుకున్న రాతి కమానుల అంగడి వీధి ఇది. చార్మినార్ నుంచి గుల్జార్ హౌజ్, చార్ కమాన్ దాటి మదీనా కూడలి వైపు సాగుతుంది. పక్కనే సాలార్ జంగ్ వంశపు నివాసమైన దీవాన్ దేవిడీ, కూతవేటు దూరంలో లితో ముద్రణకూ కాతిబుల (లేఖకుల) చేతిరాతకూ పేరుపొందిన ఛత్తా బజార్ ఉన్నాయి. దారుల్ షిఫాలో సాలార్ జంగ్ మ్యూజియం గ్రంథాలయం, నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం వస్తాయి. అరబ్బీ, పారశీ, ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు గ్రంథాలు ఇంత దగ్గరదగ్గరగా పోగైన చోట ఒకే పేరు నాలుగు లిపుల్లో నాలుగు రూపాలు తొడుగుతుంది. నామసామ్యం సమస్యను దాని పూర్తి బరువుతో చూడటానికి ఇంతకంటే తగిన చోటు అరుదు.

చరిత్ర

పడమటి గ్రంథాలయ చరిత్రలో ఈ పని నియమబద్ధం కావడం 19వ శతాబ్దపు విషయం. బ్రిటిష్ మ్యూజియం కోసం ఆంటోనియో పనిజ్జీ ఆధ్వర్యంలో 91 సూత్రాలు 1841లో వెలువడ్డాయి. ఒక రచయితవి ఏ పుస్తకాలు ఉన్నాయో చూపడం సూచిక విధుల్లో ఒకటని చార్లెస్ కట్టర్ 1876లో రాశాడు. 1961 పారిస్ సమావేశం అంతర్జాతీయ సూత్రాలను కుదిర్చింది. మన దేశంలో ఎస్.ఆర్. రంగనాథన్ 1934లో తెచ్చిన వర్గీకృత సూచికా నియమావళి భారతీయ నామాలను ప్రత్యేకంగా పట్టించుకుంది.

అయితే ఈ పనికి ఇంకా పాత శాస్త్రం ఒకటుంది. దాని మూలగ్రంథాల్లో చాలా హైదరాబాదులోనే అచ్చుకెక్కాయి. 1888లో సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామి, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, అన్వారుల్లా ఖాన్ ప్రభృతుల చొరవతో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ అరుదైన అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి ప్రచురించింది. హదీసు ఉల్లేఖకుల చరిత్రలు అందులో పెద్ద భాగం. ఒక మాటను ప్రవక్తకు ఆపాదించే ముందు దాన్ని చెప్పినవాడెవడు, అతని గురువెవరు, అతను ఏ ఊర్లో ఎప్పుడున్నాడు అని తేల్చుకోవాలి. అదే పేరున్న ఇంకొకడు నమ్మదగనివాడైతే మొత్తం ఉల్లేఖనమే కూలిపోతుంది. అందుకే నామసామ్యం ఆ విద్వాంసులకు ప్రాణప్రదమైన సమస్య అయింది. చుక్కలు మారితే మారిపోయే ఒకేలాంటి పేర్ల మీద ఇబ్న్ మాకూలా రాసిన అల్ ఇక్మాల్, ఊరిపేర్లూ వంశనామాల మీద సమ్ఆనీ రాసిన అల్ అన్సాబ్ 1960లలో దాయిరా నుంచి వెలువడటం మొదలైంది.

ఈ వ్యాసానికి అన్నిటికంటే దగ్గరి గ్రంథం 1071లో మరణించిన ఖతీబ్ బగ్దాదీ రాసిన మూదిహ్. దాయిరా దాన్ని 1959–60లో రెండు సంపుటాలుగా ప్రచురించింది. దాని విషయమే కలపడంలోనూ విడగొట్టడంలోనూ జరిగిన పొరపాట్లు. బుఖారీ అంతటి పండితుడి చరిత్ర గ్రంథంలో ఒక వ్యక్తి ఇద్దరైన చోట్లను, ఇద్దరు ఒకరైన చోట్లను ఖతీబ్ ఒక్కొక్కటిగా ఎత్తి చూపాడు. దాయిరాలో చాలా ఏళ్లు పనిచేసి తర్వాత మక్కా గ్రంథాలయంలో చేరిన పరిష్కర్త అబ్దుర్రహ్మాన్ ముఅల్లిమీ, ఖతీబ్ ఆక్షేపణలన్నీ నిలబడవని పీఠికలో చర్చించాడు. విమర్శకుడిమీదా విమర్శ సాగిన ఈ వరస గమనించదగినది. వీరిలో ఎవరూ పేరును బట్టి తీర్పు చెప్పలేదు. గురుశిష్య సంబంధం, ఊరు, మరణకాలం చూపి వాదించారు. నేటి కంప్యూటర్ పద్ధతులు సహరచయితలు, సంస్థ, సంవత్సరం అని పిలిచేవి దాదాపు ఇవే.

తెలుగులో ఈ వరసలో నిలిచే పని కవుల చరిత్రలది. వీరేశలింగం ఆంధ్ర కవుల చరిత్రము నుంచి ఆరుద్ర సమగ్ర ఆంధ్ర సాహిత్యం దాకా వ్యక్తి నిర్ణయ చర్చలు విస్తారంగా ఉన్నాయి. ఉద్భటారాధ్య చరిత్ర రాసిన తెనాలి రామలింగడూ పాండురంగ మాహాత్మ్యం రాసిన తెనాలి రామకృష్ణుడూ ఒక్కరేనా అన్న ప్రశ్న వాటిలో ప్రసిద్ధం. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో తెచ్చిన గోలకొండ కవుల సంచిక 354 మందిని నమోదు చేసి, తర్వాతి పరిశోధకులకు విలువైన ఆధారమైంది.

నామసామ్యం ఏర్పడే తీరులు

మొదటిది ఊరిపేరు ఇంటిపేరుగా మారడం. హైదరాబాదు సూచికల్లో బిల్‌గ్రామి దీనికి ఉత్తమ ఉదాహరణ. ఇమాదుల్ ముల్క్ బిరుదున్న సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామి (1844–1926) సి. విల్‌మట్‌తో కలిసి నిజాం రాజ్యపు చారిత్రక వర్ణనను 1883–84లో ఇంగ్లీషులో ప్రచురించాడు. అతని తమ్ముడు సయ్యద్ అలీ బిల్‌గ్రామి (1851–1911) గుస్తావ్ ల బాన్ ఫ్రెంచి గ్రంథాన్ని తమద్దునె అరబ్ పేరుతో ఉర్దూ చేశాడు, కేంబ్రిడ్జిలో మరాఠీ బోధించాడు. సయ్యద్ అలీ అస్గర్ బిల్‌గ్రామి హైదరాబాదు కట్టడాలపై ఉర్దూలో మఆసిరె దక్కన్, ఇంగ్లీషులో 1927 నాటి ల్యాండ్‌మార్క్స్ ఆఫ్ ది దక్కన్ రాశాడు. పొడి అక్షరాల్లోకి కుదిస్తే చివరి ఇద్దరూ ఎస్.ఎ. బిల్‌గ్రామి కావచ్చు. 1911లో మరణించిన వ్యక్తి పుస్తకం 1927లో రావడం అసాధ్యమేమీ కాదు, మరణానంతర ప్రచురణలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి సంవత్సరం ఒక్కటే చాలదు. ముఖపత్రంపై ఉన్న పూర్తి పేరు, విషయం, ఉర్దూ ప్రతితో పోలిక కలిసి తేల్చాలి.

రెండోది బిరుదు. సాలార్ జంగ్ అన్నది ముగ్గురు దీవానుల బిరుదు. మొదటివాడు మీర్ తురాబ్ అలీ ఖాన్ (1829–1883), రెండోవాడు 1889లో మరణించిన మీర్ లాయఖ్ అలీ ఖాన్, మూడోవాడు నేటి మ్యూజియం సేకరణను పెంచిన మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949). రెండో సాలార్ జంగ్ యూరపు పర్యటనపై 1887లో లండన్ పత్రికలో బిరుదుతోనే రాశాడు. సొంత పేరు దగ్గర కూడా చిక్కు వదలదు. 1947–48లో హైదరాబాదు ప్రధానిగా ఉండి 1962లో ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్ రాసినవాడూ మీర్ లాయఖ్ అలీయే. అతనికీ పత్తర్‌గట్టి పక్కనున్న దీవాన్ దేవిడీ వంశంలోని మీర్ లాయఖ్ అలీ ఖాన్‌కూ మధ్య తరాల ఎడం ఉంది. సూచికలో ఉన్న తేడా మాత్రం ఒక్క ఖాన్.

మూడోది కవినామం. హైదరాబాదు దీవాను మహారాజా కిషన్ పర్షాద్ (1864–1940) షాద్ పేరుతో కవిత్వం రాశాడు. అదే కాలంలో పాట్నాలో షాద్ అజీమాబాదీ (1846–1927) ఉన్నాడు. తర్వాతి తరంలో హైదరాబాదు కవి షాజ్ తమ్‌కనత్ (1933–1985) వచ్చాడు; ఉర్దూ రాతలో షాజ్‌కూ షాద్‌కూ తేడా ఒక్క చుక్కే. ముఖపత్రం చిరిగిపోయి, గజల్ చివరి షేర్‌లోని షాద్ మాత్రమే మిగిలిన సంకలనాన్ని ఎవరికి చేర్చాలో పేరు చెప్పలేదు. ఇద్దరు హైదరాబాదువారు గనుక ప్రచురణ స్థలమూ చెప్పలేకపోవచ్చు. కాగితం, కాతిబు రాత, కవిత్వం ఎవరికి అంకితమైందన్నది చూడాలి.

నాలుగోదైన తెలుగు నామాల చిక్కు వేరు. ఇంటిపేరు ముందూ సొంత పేరు వెనుకా ఉండే మన క్రమాన్ని చివరి పదమే ఇంటిపేరు అనుకునే సూచికలు తిరగేస్తాయి. అప్పుడు గౌరవ వాచకమైన రావు, రెడ్డి ఇంటిపేరు స్థానంలోకి వచ్చి కూర్చుంటాయి. ఆంధ్రభాషా చరిత్రము (1937) రాసిన చిలుకూరి నారాయణరావు, తెలుగులో కవితా విప్లవాల స్వరూపం (1978) రాసిన వెల్చేరు నారాయణరావు, ది ఎమర్జెన్స్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ (1973) రాసిన కె.వి. నారాయణరావు ముగ్గురూ తెలుగు ప్రాంతపు భాష, సాహిత్యం, చరిత్రల గురించే రాశారు. మొదటి ఇద్దరి విషయాలు మరీ దగ్గర. ఇంగ్లీషు గ్రంథాల సూచికల్లో వెల్చేరు ఒకచోట నారాయణరావు కింద, ఇంకోచోట రావు కింద వస్తారు. ఒకే విద్వాంసుడు ఒక పుస్తకంలో ఎన్ దగ్గర, ఇంకో పుస్తకంలో ఆర్ దగ్గర దొరుకుతాడు. 1945లో కలకత్తా గణిత పత్రికలో వెలువడిన వ్యాసంతో క్రామర్–రావు హద్దుకు పేరిచ్చిన గణాంకవేత్త సి.ఆర్. రావు (1920–2023) ఇంటిపేరు కల్యంపూడి. ఆయన పేరుతో నిలిచిన సూత్రాల్లో మిగిలింది మాత్రం రావు. కొరియాలో ఐదుగురిలో ఒకరికి కిమ్ అన్న వంశనామం ఉండటం వల్ల ఇలాంటి చిక్కే వస్తుంది గానీ, అక్కడ అది నిజమైన వంశనామం. ఇక్కడ సూచిక స్వయంగా సృష్టించిన నామసామ్యం ఇది.

స్త్రీల పేర్లు వివాహంతో మారడం ఐదో తీరు. అబలా సచ్చరిత్ర రత్నమాల రాసిన భండారు అచ్చమాంబ (1874–1905) పుట్టింటి ఇంటిపేరు కొమర్రాజు. ఆమె తమ్ముడు, విజ్ఞాన సర్వస్వ నిర్మాత కొమర్రాజు లక్ష్మణరావు. ఆయన కుమార్తె పేరు కొమర్రాజు అచ్చమాంబ (1906–1964). ఆమె వైద్యురాలు, ప్రసూతి, శిశుపోషణల మీద తెలుగులో రాసింది. పుట్టింటి పేరుతో వెతికేవారికి మేనత్త రచనలు మేనకోడలి కింద, మేనకోడలివి మేనత్త కింద పడే ప్రమాదం ఉంది. స్త్రీల రచనల చరిత్ర ఇప్పటికే చాలా చోట్ల చెరిగిపోయి ఉంది. అందులో ఇలాంటి కలగాపులగం చిన్న నష్టం కాదు.

తేదీలు, లిపులు, అక్షరక్రమం

సమాన నామాలను వేరుచేసే సాక్ష్యాల్లో కాలం ఒకటని పైన చెప్పుకున్నాం. హైదరాబాదు ముద్రణల్లో ఆ సాక్ష్యాన్ని కూడా పరీక్షించి వాడాలి. నిజాం రాష్ట్రంలో హిజ్రీ, ఫసలీ శకాలు రెండూ వాడుకలో ఉండేవి. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుంది. ఒక పుస్తకంపై 1346 అని మాత్రమే ఉంటే, అది హిజ్రీ అయితే 1927–28, ఫసలీ అయితే 1936–37. తొమ్మిదేళ్ల తేడా ఒక రచయిత మరణానికి ముందూ వెనుకలను తారుమారు చేయగలదు. షాద్ అజీమాబాదీ 1927లోనే మరణించాడని గుర్తుంచుకుంటే ఈ తేడా ఎంత పనిచేస్తుందో తెలుస్తుంది.

రోమన్ లిపిలోకి మార్చినప్పుడు సయ్యద్, ముహమ్మద్ వంటి పేర్లకు నాలుగైదు వర్ణక్రమాలు పుడతాయి. ఉస్మానియాలో చదివి, అక్కడే బోధించి, 1948 తర్వాత పారిస్‌లో స్థిరపడిన హైదరాబాదు పండితుడు ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) ఉర్దూ, అరబ్బీ, ఫ్రెంచి, ఇంగ్లీషు, జర్మను భాషల్లో రాశాడు. తుర్కీ ప్రచురణల్లో అతను ముహమ్మెద్. పేరు చాలా మామూలుది గనుక ఒకవైపు అతని రచనలు చెల్లాచెదురవుతాయి, మరోవైపు ఇతరులవి అతనికి వచ్చి చేరతాయి. తెలుగు లిపిలోనూ ఇదే ఇబ్బంది. పత్తర్‌గట్టిని ఒకే మాటగా కలిపి, మధ్య ఖాళీ వదిలి, లేదా పొల్లు నిలిపే కనబడని సంకేతంతో రాస్తే మూడూ కంటికి దాదాపు ఒకటే, యంత్రానికి మూడు వేర్వేరు పదాలు. ప్రచురణ స్థలం ఆధారంగా వడబోసేవారు మూడు రూపాలతోనూ వెతకాలి.

భాండాగారాలు, వాటి సూచికలు

1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1936 నుంచి అఫ్జల్‌గంజ్ భవనంలో ఉంది. దాని రాతప్రతులు తర్వాతి కాలంలో ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. కాబట్టి పాత వ్యాసాల్లో ఆసఫియా అని ఉటంకించిన ప్రతిని ఇప్పుడు వేరేచోట అడగాలి. సాలార్ జంగ్ ఉర్దూ రాతప్రతులకు నసీరుద్దీన్ హాష్మీ 1957లో వివరణాత్మక సూచిక ప్రచురించాడు. అందులో ప్రతి తొలి, తుది పంక్తులూ లేఖకుడి వివరాలూ పరిశోధకుడికి పేరుకంటే గట్టి ఆధారాలు. తెలుగు ముద్రిత గ్రంథాలకు 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం సుల్తాన్ బజార్‌లో ఉంది.

అంకరూప సేకరణల్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ముఖ్యమైనది. రాజ్ రెడ్డి ప్రోద్బలంతో సాగిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వేలాది తెలుగు, ఉర్దూ గ్రంథాల స్కానింగులో పాల్గొంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయ చీటీలు ఆ బొమ్మల్లో నేటికీ కనిపిస్తాయి. పుస్తకాలను దక్కించిన ఆ కృషి విలువ తగ్గేది కాదు. కానీ వాటి వివరాలు చాలావరకు చిహ్నాలు లేని రోమన్ లిపిలో హడావుడిగా నమోదయ్యాయి. రచయిత గడి ఖాళీగా ఉన్నవీ, సంపాదకుడు రచయితగా మారినవీ ఉన్నాయి. వాటిలో రచయిత పేరుతో మొదలుపెట్టడం కంటే గ్రంథనామపు రెండు మూడు రూపాలతో వెతికి, ముఖపత్రపు బొమ్మను చూసి పేరును నిర్ధారించుకోవడం మేలు. పరిశోధక సిద్ధాంత గ్రంథాలకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధగంగ ఉంది. అక్కడ మార్గదర్శకుని పేరు, విభాగం, విశ్వవిద్యాలయం కలిపి చూస్తే సమాన నామాలు త్వరగా విడిపోతాయి.

అంకెల గుర్తింపులు, యంత్ర పద్ధతులు

2012లో ఐఎస్‌వో 27729గా వచ్చిన ఇస్నీ, అదే ఏడాది అక్టోబరులో మొదలైన ఓర్కిడ్, వ్యక్తికి పదహారు స్థానాల సంఖ్య ఇస్తాయి. చివరి స్థానం ముందువాటి సరితనాన్ని పరీక్షించేది. 2003లో జాతీయ గ్రంథాలయాల సహకారంతో మొదలైన వియాఫ్ పలు దేశాల ప్రామాణిక నామావళులను జతచేస్తుంది. సంఖ్యలు లేనిచోట యంత్రాలు సంభావ్యతతో పనిచేస్తాయి. 1969లో ఫెలిగి, సంటర్ ఇచ్చిన నమోదుల జోడింపు సిద్ధాంతం ప్రకారం అరుదైన పేరు కలిస్తే ఎక్కువ బరువు, సాధారణమైన పేరు కలిస్తే తక్కువ బరువు. మోస్టెలర్, వాలెస్ 1960లలో ఫెడరలిస్ట్ వ్యాసాల కర్తలను అతి మామూలు పదాల వాడుకను బట్టి గుర్తించారు.

అభ్యంతరాలు, సమాధానాలు

సంఖ్యలు వచ్చాక ఈ చర్చ అనవసరమనే వాదన ఉంది. ఓర్కిడ్ బతికున్నవారు తమకు తాము తీసుకునే గుర్తింపు. బిల్‌గ్రాములూ షాద్‌లూ అచ్చమాంబలూ దాన్ని తీసుకోలేరు. ఇస్నీ, వియాఫ్ గతించినవారికీ సంఖ్య ఇస్తాయి గానీ, ఆ సంఖ్య కింద ఏ రచన చేరాలో నిర్ణయించేది మళ్లీ మనిషి చూసిన సాక్ష్యమే. తప్పుగా కలిపిన ఇద్దరికి ఒకే సంఖ్య ఇస్తే తప్పు ఇంకా గట్టిపడుతుంది.

పూర్తి పాఠంలో వెతకగలిగితే సూచికే అక్కర్లేదన్నది రెండో వాదన. అచ్చు ఇంగ్లీషు పుస్తకాలకు ఇది కొంత నిజం. ఛత్తా బజార్ లితో ముద్రణలో కాతిబు రాసిన నస్తాలీఖ్‌ను, పాత తెలుగు అచ్చులోని వత్తులను యంత్రం చదివే తీరు ఇంకా అంత నమ్మదగింది కాదు. పాఠం సరిగ్గా దొరికినా అందులో కనిపించే షాద్ ఏ షాదో పాఠం చెప్పదు.

మూడో అభ్యంతరానికి బలమెక్కువ. విడిగా ఉంచడమే మేలంటే, ఒక రచయిత కృషి ముక్కలై, ఆమెకో అతనికో దక్కాల్సిన గుర్తింపు దక్కదు. పేరు మారిన స్త్రీలకు, పలు భాషల్లో రాసినవారికి ఈ నష్టం ఎక్కువ. నిజమే. కానీ విడిగా ఉన్న రెండు నమోదులను కొత్త ఆధారం దొరికిన రోజున ఒక్క వాక్యంతో కలపవచ్చు. కలిపేసిన వాటిలో ఏ పుస్తకం ఎందుకు ఎటు చేరిందో తెలిపే జాడే చెరిగిపోతుంది. విడదీయాలంటే ప్రతి పుస్తకాన్నీ మళ్లీ చేతిలోకి తీసుకోవాలి. పైగా విడిగా ఉంచడమంటే మౌనంగా ఉండటం కాదు. రెండు నమోదుల మధ్య ఒకరే కావచ్చు అన్న సూచన రాసి, ఎందుకు అనుకుంటున్నారో, ఎవరు అనుకున్నారో తెలిపితే ముక్కలైన కృషి వెతికేవారి కంటపడుతుంది. ఖతీబ్ ఆక్షేపణనూ ముఅల్లిమీ ప్రత్యాక్షేపణనూ పక్కపక్కనే అచ్చువేసిన దాయిరా ప్రచురణ చేసింది ఇదే.

ప్రామాణిక రూపం పేరుతో ఒకే వర్ణక్రమాన్ని రుద్దితే రచయిత తనను తాను పిలుచుకున్న తీరు పోతుందన్న మాటా ఉంది. మంచి నామావళి ఒక రూపాన్ని ముందు పెడుతుంది, మిగతావాటిని తొలగించదు. వెల్చేరు నారాయణరావు, నారాయణరావు వెల్చేరు, రావు అన్న మూడు దారులూ ఒకే నమోదుకు చేర్చాలి. సంతకం తెలుగులోనో ఉర్దూలోనో ఉంటే మూల లిపి రూపం మొదట ఉండటం న్యాయం.

ఇవి కూడా చూడు: ఆసఫియా గ్రంథాలయం; గోలకొండ కవుల సంచిక; ఛత్తా బజార్ ముద్రణ; దాయిరతుల్ మఆరిఫ్; ప్రామాణిక నామావళి; ఫసలీ శకం; బిరుదనామాలు